పది పళ్ళ పినియను తీసి తొమ్మిది పళ్ళది వేయించాను

నాది రామభద్రపురం పక్క పల్లె. తెల్లవారుజామున మార్కెట్లో కూరగాయలెత్తుకుని, సాలూరు దాటి, పి.కోనవలస ఘాటెక్కి, ఒడిశాలోని సుంకి మీదుగా పొట్టంగి, సెమిలిగుడ వైపు దించి వస్తాను. తిరుగు కిరాయికి అల్లమో చింతపండో దొరికితే ఆ రోజు పండగే. బండి డబుల్ క్యాబిన్ పికప్పు, ఫోర్ బై ఫోర్, అంటే కావాలంటే నాలుగు చక్రాలూ లాగేది. ఏ కంపెనీదో రాయడం లేదు. పెద్ద టైర్లు వేయించి, వాటి కోసం గీర్లు మార్పించుకున్న కథ ఇది. ఇందులో తప్పు బండిది కాదు, నాది. పైగా ఒకే మోడల్లో కూడా ఏడాదిని బట్టి క్రౌను పినియను (షాఫ్టు తిరుగుడును చక్రాలకు మళ్ళించే పెద్ద గీరు, చిన్న గీరు జత) పళ్ళు మారిపోతుంటాయి. నా లెక్క చూసి ఎవరైనా సామాను కొనేస్తే ఆ పాపం నాకొద్దు.

2024 మే 13న ఎన్నికలు. ఆ హడావిడిలో కిరాయిలు బాగా తగిలి చేతిలో నాలుగు డబ్బులాడాయి. మే 20న విశాఖ వెళ్ళి నాలుగు టైర్లూ మార్పించేశాను. కంపెనీ ఇచ్చినవి 215/75 ఆర్ 15. వేయించినవి అంతకన్నా పెద్దవి, 31 అంగుళాలవి. కొండ మీద ఊళ్ళలో బురద, బండి ఎత్తు కావాలి అని ఇంట్లో చెప్పాను. అసలు కారణం మా బావమరిది ఫోన్లో చూపించిన ఒక ఫొటో. టైర్లకు 44,800 అయింది, పాతవాటికి 9,000 ఇచ్చాడు. స్టెప్నీ మాత్రం పాత సైజుదే ఉండిపోయింది.

మొదటి రెండు రోజులు ఖాళీ బండి మీద రాజాలా తిరిగాను. మే 23న టమాటా, వంకాయ కలిపి టన్నుకు కాస్త పైనే వేసుకుని బయల్దేరాను. సాలూరు వరకు ఏమీ తెలియలేదు. ఘాట్లో ఒక మలుపుంది, ఎప్పుడూ మూడో గేరులో పాటలు వింటూ ఎక్కేసేవాడిని. ఆ రోజు మూడులో ఇంజను గుక్కపట్టుకుపోయింది. రెండులోకి దించితే అరుపులు. రెండుకీ మూడుకీ మధ్యలో ఇంకో గేరుంటే బాగుండుననిపించింది. వెనక బొగ్గు లారీవాడు హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

దిగడం ఇంకా భయం. అంతకుముందు మూడో గేరులో కాలు తీసేస్తే ఇంజనే బండిని పట్టుకునేది. ఇప్పుడు పట్టడం లేదు, జారిపోతోంది. ఊరికే బ్రేకు మీద కాలేయాల్సి వచ్చింది. సగం దిగేసరికి చక్రాల దగ్గర కాలిన వాసన, పెడలు మెత్తబడిపోయింది. పక్కకు తీసి, చక్రం కింద రాయి పెట్టి అరగంట కూర్చున్నాను. బీడీ అలవాటు లేదు గానీ ఆ రోజు ఉంటే బాగుండుననిపించింది. ఇంటికెళ్ళి ఎవరికీ చెప్పలేదు.

జూన్ నెలంతా మెకానిక్కుల చుట్టూ తిరిగాను. ఒకరు ఇంజెక్టర్లన్నారు, ఒకరు టర్బో అన్నారు. టైర్ల వైపు ఒక్కరూ చూడలేదు, నేనూ చూడలేదు. కదిలేటప్పుడు, ఎక్కేటప్పుడు క్లచ్చు మీద ఆడించడం అలవాటైపోయింది. జూలై 19న మెంటాడ రోడ్డులో క్లచ్చు ప్లేటు పోయింది. రెండు రోజులు బండి ఆగింది, 8,600 ఖర్చు. ఆ ప్లేటు చూస్తే అంచులు నల్లగా మాడి అప్పడంలా ఉంది.

సంగతి పట్టుకున్నది మా బావ. ఆయన దగ్గరా అదే మోడలు, అదే ఏడాది బండి ఉంది, కంపెనీ టైర్లతో. ఆగస్టు 8న రెండు బళ్ళూ రైసుమిల్లు గచ్చు మీద పెట్టించాడు. టైరు నేలకు తగిలేచోట సుద్దముక్కతో గీత, గచ్చు మీద ఒక గీత. టైరు మీది గీత మళ్ళీ కిందకొచ్చేదాకా బండి తోశాం. ఆయనది 2 మీటర్ల 14 సెంటీమీటర్లు నడిచింది. నాది 2 మీటర్ల 39. చక్రం ఒక్కసారి తిరిగితే నా బండి పావు మీటరు ఎక్కువ పోతోందన్నమాట. ఉత్తినే ఎవడూ పావు మీటరివ్వడు కదా, ఆ మేరకు ఇంజను బలం తగ్గింది. నూటికి పదకొండున్నర పైమాటే.

అప్పుడే ఇంకోటి బయటపడింది. టైర్లు మార్చినప్పటి నుంచీ మైలేజీ 12 నుంచి 10.2కి పడిపోయిందని ఏడుస్తున్నాను. హైవే మీద కిలోమీటరు రాళ్ళు చూసుకుంటూ వెళ్తే పది రాళ్ళకు మీటరు తొమ్మిది కూడా చూపించలేదు. మీటరుకు టైరు పెరిగిన సంగతి తెలియదు, అది పాత లెక్కే కడుతోంది. ఆ తేడా కలిపితే నిజం మైలేజీ 11.4. అంటే మైలేజీ పోయింది తక్కువ, మీటరు మింగింది ఎక్కువ. ఇదే లెక్కన మీటరు అరవై చూపిస్తే నేను పోతున్నది అరవై ఏడు. ఘాటు దిగినప్పుడు భయమెందుకేసిందో అప్పుడర్థమైంది.

క్రౌను పినియను ఉండే ఇరుసు మధ్య డబ్బాను హౌసింగంటారు. అందులో ఏ పళ్ళున్నాయో ఇప్పకుండానే తెలుసుకోవచ్చు. ముందు చక్రాలకు రాళ్ళు పెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి, జాకీని నమ్మకుండా కింద దుంగలు దోపాం. గేరు న్యూట్రల్. ఇంజను తిరుగుడును వెనక్కి తెచ్చే షాఫ్టుకు ఎర్ర గుడ్డ పీలిక కట్టాం. ఒక చక్రం నేను, ఒకటి బావ పట్టుకుని సమంగా తిప్పుతుంటే మా అబ్బాయి పక్కన బోర్లా పడుకుని పీలిక ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టాడు. చక్రాలు పది చుట్లు, షాఫ్టు నలభై ఒకటి. అంటే క్రౌనుకు 41 పళ్ళు, పినియనుకు 10. నిష్పత్తి 4.1. పోయిన లాగుడు తిరిగి రావాలంటే దాన్ని టైరు పెరిగిన లెక్కతో 4.58కి పెంచాలి. దొరికే సెట్లలో దానికి దగ్గరిది 41కి 9, అంటే 4.56. ఇంత రాద్ధాంతం ఒక్క పన్ను తేడాకి.

"పాత టైర్లు వేయించీవచ్చు గదండీ" అంది మా ఆవిడ. అన్నం వడ్డిస్తూ మామూలుగా అంది. అదే సరైన మాట. అప్పటికి ఆ టైర్లు అమ్మేసినా పాతిక ముప్పై వేలు వచ్చేవి, కంపెనీ సైజువి కొత్తవి కొనుక్కున్నా గీర్లు మార్చేదానికన్నా తక్కువలో పోయేది. కానీ ఊళ్ళో అందరూ చూసేశారు, ఇప్పుడు దించితే ఏమనుకుంటారు? ఆ మాట పైకనలేక "కొండ మీద ఎత్తు కావాలే" అన్నాను మళ్ళీ. ఆవిడ పెరుగు వేసి వెళ్ళిపోయింది.

ఆగస్టు 12న గాజువాక ఆటోనగర్. పన్ను ఒకటే తేడా కదా, పినియను ఒక్కటి ఇస్తే చాలన్నాను. కౌంటరు మీద కుర్రాడు నవ్వాపుకున్నాడు. క్రౌను, పినియను ఫ్యాక్టరీలోనే ఒకదానితో ఒకటి అరగదీసి జత చేస్తారట. రెంటి మీదా ఒకే జత నెంబరు ఉంటుంది. ఒకటి మారిస్తే రెండూ మార్చాల్సిందే. సరేనని వెనక సెట్టు 13,500కి చెప్పి లేవబోతుంటే అడిగాడు: "ఫోర్ బై ఫోర్ అన్నారు గదా అన్నా, మరి ముందుకి?"

ముందుకి? నేను ఆలోచించనే లేదు. వెనక 4.56, ముందు 4.1 ఉంటే, ఫోర్ వీల్ వేసినప్పుడు రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతాయి గానీ ముందు చక్రాలు వెనకవాటికన్నా వేగంగా తిరగాలని చూస్తాయి. బురదలో అయితే జారి సర్దుకుంటాయి. తారు మీద అయితే ఎక్కడో ఒకచోట విరుగుతుంది. ముందు సెట్టు 18,200. బేరింగులు, సీళ్ళు వేరే. నేను 20 వేలలో అయిపోతుందనుకుని వెళ్ళాను. బస్సులో వస్తూ ఆనందపురం దాకా లెక్కలు వేసి, ఇక వెయ్యడం మానేశాను.

వెనక సెట్టు తొమ్మిది రోజులకు, ఆగస్టు 21న వచ్చింది. 24 శనివారం విజయనగరంలో ఒక షెడ్డులో పెట్టాను. ముందు సెట్టు వచ్చేదాకా ముందు షాఫ్టు ఇప్పి తొట్టిలో పడేశారు, అది మంచి సలహానే. మిగతా పని మాత్రం పొద్దున్న పదికి మొదలై రాత్రి ఏడుకు అయిపోయింది. కొత్త పినియను మీదకు పాత షిమ్మే (లోతు సర్దే పల్చటి రేకు బిళ్ళ) వేశాడు. బేరింగు పైపు పెట్టి సుత్తితో దించాడు. క్రౌను చేత్తో ఇటూ అటూ ఆడించి "సరిపోయింది గురూ" అన్నాడు. ఒక్కరోజులో అయిపోయిందని నేను సంబరపడి 3,500 ఇచ్చి, పైన టీ డబ్బులు కూడా ఇచ్చాను.

గజపతినగరం దాటలేదు, మొదలైంది. నలభై ఐదు దగ్గర సన్నగా, అరవైకి వచ్చేసరికి కుక్క ఏడ్చినట్టు ఒకటే ఊళ. యాక్సిలేటరు మీద కాలు తీస్తే గొంతు మార్చి ఇంకోరకంగా ఏడుస్తుంది. అద్దాలెత్తినా, పాటలు పెట్టినా అదే వినిపిస్తుంది.

చిత్రమేమిటంటే లాగుడు మాత్రం వచ్చేసింది. పాత మలుపు మూడో గేరులో ఎక్కేశాను. అందుకే చెవులు మూసుకుందామా అని కూడా అనిపించింది. కానీ కొండ మీద ఆపి హౌసింగు మీద చెయ్యి పెడితే క్షణం నిలవలేదు, అంత వేడి. ఆగస్టు 27న, సెప్టెంబరు 2న, 11న మూడుసార్లు షెడ్డుకెళ్ళాను. "రన్నింగులో సెట్టయిపోద్ది" అన్నాడు మొదటిసారి. రెండోసారి చిక్కటి ఆయిలు పోశాడు, రెండు రోజులు సగం తగ్గి మళ్ళీ మొదలు. మూడోసారి ఫోనులో మాట్లాడుతూ చేత్తో సైగ చేశాడు, తర్వాత రమ్మని.

ముందు సెట్టు కథ వేరే. విజయవాడ నుంచి వారంలో వస్తుందన్నారు. సెప్టెంబరు 1న బుడమేరు వరద. ఫోను చేస్తే అవతల మనిషి, ఇంట్లో నడుం లోతు నీళ్ళున్నాయి సార్ అన్నాడు. ఆ మాట విన్నాక గీర్ల సంగతి అడగడానికి నోరు రాలేదు. పదిహేను రోజులు మళ్ళీ చెయ్యలేదు. 17న విశాఖ కౌంటరుకు పార్సిలు వచ్చింది. అట్టపెట్టె మీద 9/41 అనే ఉంది. ఎందుకైనా మంచిదని అక్కడే ఇప్పించి చూస్తే ఇనుము మీద కొట్టిన అచ్చు 9/40. పళ్ళు లెక్కపెట్టాను, నలభయ్యే. "రెండున్నర శాతమేనన్నా తేడా, ఏం కాదు" అన్నారు. ఇంటికి తెచ్చుకుని ఇప్పి ఉంటే వెనక్కి తీసుకునేవారు కాదు. ఎవరైనా ఈ పని చేయిస్తే, పెట్టె మీద అక్షరాలు నమ్మకుండా కౌంటరు మీదే పళ్ళు లెక్కపెట్టుకోండి. సరైనది సెప్టెంబరు 23న చేతికొచ్చింది.

సాలూరంటే లారీలు. తాతల కాలం నుంచి ఆ ఊళ్ళో డిఫరెన్షియలు కట్టే చేతులున్నాయి. బావ చెప్పిన ముసలి మేస్త్రి దగ్గరికి 26న వెళ్ళాను. డెబ్బై దగ్గరుంటాయి ఆయనకు. బండి కిందకు వంగనైనా లేదు. పక్క సీట్లో కూర్చుని "తోలు బావూ" అన్నాడు. రెండు కిలోమీటర్లు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"అచ్చు తప్పినాది. ఎవులు కట్టినారు?"

చెప్పాను.

"ఎన్నాళ్ళకి కట్టినాడు?"

"ఒక్కరోజులో, మావయ్యా."

"మరదే" అన్నాడు.

షెడ్డులో లారీ ఒకటుంది, అది లేచేవరకు చోటు లేదు. అక్టోబరు 7న రమ్మన్నాడు. అన్ని రోజులూ నలభై ఐదు దాటకుండా, సగం లోడుతో తోలమన్నాడు. పదకొండు రోజులు ఎడ్లబండిలా తిరిగాను. రామభద్రపురం నుంచి సాలూరు అంతదూరం ఉంటుందని నాకెప్పుడూ తెలియదు.

అక్టోబరు 7 సోమవారం పొద్దున్నే బండి ఎక్కించారు. పాత ఆయిలు సత్తు బేసినులోకి వదిలితే వెండి పొడి కలిపినట్టు తళతళలాడుతోంది. మేస్త్రి వేలు ముంచి, వెలుతురులో చూసి, నా చొక్కాకు తుడవబోయి నవ్వాడు. తర్వాత క్రౌను పళ్ళు కిరోసినుతో కడిగించి, ఆరేడు పళ్ళకు పాత టూత్‌బ్రష్షుతో నీలం రంగు పూశాడు. కుర్రాడు చెక్కముక్కతో క్రౌనును అదిమి పట్టుకున్నాడు, ఆయన పానాతో పినియనును అటోసారి ఇటోసారి తిప్పి, టార్చి వేసి "సూడు" అన్నాడు. పన్ను లోపలి కొసన, అడుగున, బియ్యపు గింజంత చోట మాత్రమే రంగు చెరిగింది. నెలన్నర నుంచి టన్ను బరువు ఆ బియ్యపు గింజ మీదే లాగాను.

"సింతగింజంత మచ్చ పంటి నడిమిన పడాల. ముందుకీ పోకూడదు, ఎనక్కీ పోకూడదు. లోతుకీ దిగకూడదు."

డయల్ గేజి బిగించి చూపించాడు. క్రౌనుకూ పినియనుకూ మధ్య ప్లే 0.15 నుంచి 0.20 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, నా బండికి 0.05 ఉంది. తల వెంట్రుకంత సందు కూడా లేదు. అందుకే ఆ వేడి, అందుకే ఆ ఏడుపు. ఎంత బిగిస్తే అంత మంచిదని నేననుకునేవాడిని.

ఆ తర్వాత రెండు రోజులు చూసిన పని నాకు జీవితంలో మరపురాదు. పినియను లోతు మార్చాలంటే దాని బేరింగు ఊడదీసి, కింద షిమ్ము మార్చి, మళ్ళీ దించాలి. ప్రతిసారీ కొత్త బేరింగు ఊడదీస్తే అది పాడైపోతుంది. అందుకని ఆయన దగ్గర ఒక పాత బేరింగు ఉంది, లేతు మీద లోపల కాస్త అరగదీసి వదులు చేసింది. చేత్తోనే వస్తుంది, చేత్తోనే పోతుంది. దాన్ని పెట్టుకుని షిమ్ము మార్చడం, రంగు పూయడం, తిప్పడం, టార్చి వేయడం. మొదటిసారి మచ్చ పక్కకు జరిగింది. రెండోసారి దాటిపోయింది. మూడోసారి బాగానే ఉందనిపించింది నాకు. ఆయన ఒప్పుకోలేదు. నాలుగోసారికి చింతగింజ పంటి నడిమిన కూర్చుంది. పాత షిమ్ముకూ దీనికీ తేడా మిల్లీమీటరులో పదో వంతు. అప్పుడు కొత్త బేరింగులు దించాడు.

బేరింగు ఎంత బిగించాలన్నదానికి ఆయన దగ్గరున్న పరికరం చేపలు తూచే స్ప్రింగు కాటా. పినియను బిళ్ళ చుట్టూ నులక తాడు చుట్టి, కాటా కొక్కేనికి తగిలించి మెల్లగా లాగుతాడు. తిరిగేటప్పుడు ముల్లు ఆయనకు కావాల్సిన గీత మీద ఉండాలి. తక్కువుంటే నట్టు ఇంకో పిసరు బిగిస్తాడు, మళ్ళీ లాగుతాడు. బేరింగుల మధ్య ఒక పల్చటి గొట్టం ఉంటుంది, క్రష్ స్లీవంటారు. నట్టు బిగించేకొద్దీ అది నలుగుతుంది. ఒకసారి ఎక్కువ నలిగితే వెనక్కి రాదు, పారేసి కొత్తది వెయ్యాలి. విజయనగరం షెడ్డులో పాతదే మళ్ళీ వేశారని అప్పుడు తెలిసింది.

వెనకది 9న అయిపోయింది. 10న ముందు హౌసింగు దగ్గర కుర్రాడు నట్టు ఒక పావు చుట్టు ఎక్కువ తిప్పేశాడు. ముల్లు గీత దాటిపోయింది. మేస్త్రి ఏమీ అనలేదు, నట్టు ఇప్పి స్లీవు బయటకు తీసి కుర్రాడి చేతిలో పెట్టాడు. వాడి ముఖం చూస్తే నాకే జాలేసింది. స్లీవు ధర 180 రూపాయలు. సాలూరులో లేదు, విశాఖ నుంచి రావాలి. 12న దసరా, 13 ఆదివారం, 14న సిరిమాను ముందురోజు తొలేళ్ళు, 15 మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను జాతర. కొట్లు తెరిచేవాడెవడు?

ప్రతి ఏడూ సిరిమానుకు ఇంటిల్లిపాదీ మా బండిలోనే వెళ్తాం, పక్కింటివాళ్ళు కూడా తొట్టిలో ఎక్కుతారు. ఈసారి బస్సులో నిలబడి వెళ్ళాం. సిరిమాను కోట ముందుకు వస్తుంటే జనమంతా అరటిపళ్ళు విసురుతున్నారు. నేనూ విసిరి, పిల్లల చదువు, అమ్మ మోకాళ్ళు అన్నీ అయ్యాక, ఒక స్లీవు కూడా అడిగాను అమ్మను. 16 సాయంత్రం పార్సిలు వచ్చింది. 17న బండి ఇచ్చారు.

ఇచ్చేముందు ఆయనే చెప్పాడు. "తొలి రోజు ఇరవై నిముషాలు తోలు, సల్లారనీ, మల్లీ తోలు. అయిదొందల కిలోమీటర్లు సగం లోడే. తర్వాత ఆయిలు మార్చీసి ఘాటెక్కు." డబ్బా మీద 85డబ్ల్యూ140, జీఎల్-5 అని రెండూ ఉన్నాయో లేదో చూసి పోయించమన్నాడు. ఇంటికొచ్చి మళ్ళీ దుంగల మీద ఎక్కించి ఎర్ర పీలిక కట్టాం. తొమ్మిది చుట్లకే నలభై ఒకటి. మా అబ్బాయి గట్టిగా అరిచి చెప్పాడు, పరీక్షలో మార్కులు చెప్పినట్టు.

28న ఆయిలు మారిస్తే అడుగు బిరడా అయస్కాంతానికి నల్లటి నూగు అంటుకుంది, అంతే. ముక్కలు లేవు. మీటరు ఇప్పుడు పది రాళ్ళకు దాదాపు పది చూపిస్తోంది. మైలేజీ 11.6. గీర్లు మార్చితే మైలేజీ ఎగిరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, నాకు వచ్చింది లీటరుకు రెండొందల మీటర్లు. అరవై రెండు దగ్గర సన్నటి ఈల మాత్రం ఉండిపోయింది. ఆ నెలన్నరలో పళ్ళు అరిగిపోయిన చోట అది పోదని మేస్త్రి ముందే చెప్పాడు. ఇంకెవరికీ వినిపించదు, నాకు వినిపిస్తుంది.

ఇక డబ్బు. వెనక సెట్టు 13,500, ముందుది 18,200, రెంటికీ బేరింగులు 7,400, సీళ్ళు, స్లీవులు, చిల్లర 2,350, ఆయిలు అన్నిసార్లూ కలిపి 3,200. మొదటి కూలి 3,500, సాలూరు కూలి 11,000. తిరుగుళ్ళు, పార్సిళ్ళు 1,900. జూలైలో పోయిన క్లచ్చు 8,600 కూడా ఈ ఖాతాలోదే. మొత్తం 69,650. టైర్ల డబ్బు ఇందులో లేదు. బండి ఆగిన పదిహేను రోజులకు పోయిన కిరాయిలు నేను లెక్కకట్టలేదు, మా ఆవిడ కట్టింది గానీ ఎంతో అడగలేదు.

తేలని విషయాలు రెండున్నాయి. స్టెప్నీ ఇంకా పాత సైజే. వెనక వేస్తే రెండు చక్రాలూ రెండు వేగాలతో తిరిగి హౌసింగులో చిన్న గీర్లు ఊపిరి తీసుకోవు, అందుకని పంక్చరు వెనక పడితే ముందు చక్రం వెనక్కి మార్చి స్టెప్నీ ముందు వేసుకోవాలి, ఫోర్ వీల్ ముట్టుకోకూడదు. ఐదో టైరుకు 11,200 ఇంకా కూడలేదు. రెండోది, ఆర్సీలో ఉన్న టైరు సైజు ఇది కాదు. బండిలో మార్పులు చేయడం గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను సంగతి ఇన్సూరెన్సు ఏజెంటు చెబితే తెలిసింది, టైర్లు వేయించిన ఐదు నెలలకు. మార్చిలో ఫిట్‌నెస్ ఉంది. ఆ రోజు తలుచుకుంటే టెన్షనే.

అక్టోబరు 29, దీపావళికి రెండు రోజుల ముందు, బీర, వంకాయ, పచ్చిమిర్చి నిండుగా వేసుకుని ఘాటెక్కాను. ఆ మలుపు మూడో గేరులో, కాలు సగమే నొక్కి. దిగేటప్పుడు అల్లం బస్తాలతో మూడులో కాలు తీసేశాను. బండి ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నట్టు ఆగి ఆగి దిగింది. బ్రేకు పెడలు కింది దాకా గట్టిగానే ఉంది.

సాలూరులో మేస్త్రి షెడ్డు ముందు ఆపాను. ఆయన పడుకుని చూడలేదు, వంగి అరచెయ్యి హౌసింగుకు ఆనించి, పది లెక్కపెట్టేంతసేపు ఉంచి తీశాడు. "పాత సెట్టేటి సేసినావు?" అన్నాడు.

"ఇనుము కొట్టుకి వేసేద్దామని సంచిలో కట్టాను మావయ్యా."

"ఎయ్యకు. గ్రీజు రాసి దాచీ. ఈ టైర్లు అరిగిపోయేసరికి నీకు బుద్దొస్తాది. అప్పుడు కావాల."

గ్రీజు రాసి, పాలిథిన్ చుట్టి, బియ్యం సంచిలో పెట్టి మంచం కిందకు తోశాను. ఊడ్చినప్పుడల్లా మా ఆవిడ చీపురు దానికి తగులుతుంది.